‘కాదు’ అనే రెండక్షరాలు

“నలుగురితో నారాయణ” అన్న సామెతను ఎరుగని తెలుగువాడుండడు. నలుగురూ నడిచే దారినే నడువు, నలుగురూ పలికే మాటనే పలుకు, ఒంటరిగా నిలబడి లేనిపోని తంటా కొనితెచ్చుకోకు అని దాని తాత్పర్యం. లోకవ్యవహారానికి అది చెడ్డ సలహా కాదు. పెండ్లి విందులో, ఊరి పనిలో, రైలు పెట్టెలో నలుగురితో కలిసిపోవడమే మర్యాద. అయితే అదే తెలుగు నుడి “లోకులు పలుగాకులు” అని కూడా హెచ్చరించింది. ఈ రెండు సామెతలకూ నడుమ సన్నని గట్టు ఒకటి ఉన్నది. దైవవిశ్వాసం గలవాడు, ఏ మతస్థుడైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు ఆ గట్టు మీద నడవక తప్పదు. నేను క్రైస్తవుణ్ణి గనుక నాకు తెలిసిన గట్టును గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పిన అలవాటు చేత ముందుగా ఒక చిన్న వ్యాకరణ విషయం. మన భాషలో నిషేధాన్ని తెలిపే మాటలు ముఖ్యంగా మూడు: లేదు, వద్దు, కాదు. పరభాషల వారికి మూడూ ఒకటిగా తోచవచ్చును గాని మనకు అలా తోచవు. ‘లేదు’ అన్నది వస్తువు ఉనికినే కొట్టివేస్తుంది. ‘వలదు’ నుంచి వచ్చిన ‘వద్దు’ ఎదుటివాని చేతిని ఆపుతుంది. ‘అగు’ ధాతువుకు వ్యతిరేక రూపమైన ‘కాదు’ చేసే పని వేరు. ఇది అది కాదు అని రెండింటికీ గల భేదాన్ని మాత్రమే అది చెబుతుంది. “ఇది నా మార్గం కాదు” అన్నవాడు ఎదుటివాని మార్గం లేదనడం లేదు. అతణ్ణి ఆ దారిన నడవవద్దనడమూ లేదు. తానెవరో చెప్పి ఊరుకుంటున్నాడు. విశ్వాసి నోట రావలసిన నిషేధం ఈ మూడవదేనని నా నమ్మకం. ఎంత చిన్న మాట! రెండే అక్షరాలు. కాని ఆ రెండక్షరాలు పలకడానికి మనుషులు చెల్లించిన వెల మాత్రం చిన్నది కాదు.

పదవీ విరమణ తరువాత నేను ఎల్‌బీ నగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు ఇక్కడే చీలుతాయి. అందుచేత ఆ రెండు దారుల వెంబడి ఉన్న జిల్లాల పిల్లలందరికీ హైదరాబాదు అంటే ముందుగా ఇదే. ఇక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా, కొత్తపేట, చైతన్యపురి సందులన్నీ హాస్టళ్ళే. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు. గ్రూప్స్‌కు చదివేవారు, డీఎస్సీకి చదివేవారు, కంప్యూటరు కోర్సుల వారు. తల్లిదండ్రుల కన్ను లేని చోట, వయసులో ఉన్న పిల్లలకు గదిలో ఉన్న ఆ నలుగురే ఊరు, వారే కులం, వారే న్యాయస్థానం. వారి నవ్వుకు వెరసినంతగా ఆ వయసులో దేనికీ వెరవరు.

డీఎస్సీకి చదువుతున్న ఒక కుర్రవాడు సాయంత్రాలు ఛందస్సు, అలంకారాలు చెప్పించుకోవడానికి నా వద్దకు వస్తుండేవాడు. సూర్యాపేట వైపు పల్లె. ఒకనాడు యతిప్రాసల మధ్య పుస్తకం మూసి అడిగాడు.

“సార్, హాస్టల్ల అన్నం ముందట కండ్లు మూసుకుంటే నవ్వుతున్నరు. ‘పాస్టరుగారూ, మాకు గూడ జర ప్రార్థన చెయ్యరాదూ’ అంటున్నరు. మొన్న నా పుట్టినరోజుకు మందు పార్టీ ఇయ్యనంటే రెండు రోజులు నాతోని మాట్లాడలే. మనసుల అనుకుంటే దేవునికి వినబడదా సార్?”

వినబడుతుంది. అందులో సందేహం లేదు. అయితే ఆ పిల్లవాడి ప్రశ్న దేవుని వినికిడిని గురించినది కాదు. తన ధైర్యాన్ని గురించినది. అందుచేత వెంటనే జవాబు చెప్పక బైబిలులోని రెండు సందర్భాలు గుర్తుచేశాను.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ప్రభువు, మనుషులకు కనబడాలని వీధి మూలల్లో నిలిచి ప్రార్థించవద్దనీ, గదిలోకి పోయి తలుపు వేసుకొమ్మనీ బోధించాడు. దానియేలు గ్రంథం ఆరవ అధ్యాయంలో దానియేలు, రాజును తప్ప మరెవరినీ వేడుకోరాదని శాసనం వెలువడిందని తెలిసిన తరువాత కూడా, యెరూషలేము వైపు తెరచి ఉన్న కిటికీల దగ్గర రోజుకు మూడు మార్లు మోకాళ్ళూనాడు. ఒకే గ్రంథంలో ఒకచోట మూసిన తలుపు, ఒకచోట తెరచిన కిటికీ. విరోధంగా లేదా? లేదు. ప్రార్థన చేస్తే పొగడ్త వచ్చే చోట తలుపు మూయాలి. ప్రార్థన చేస్తే వెక్కిరింత వచ్చే చోట కిటికీ మూయరాదు. దానియేలు ఆనాడు కొత్తగా ఏదీ చేయలేదన్నది కూడా గమనించదగినది. అంతకు ముందు ఎలా చేసేవాడో అలాగే చేశాడు. శాసనం వచ్చిందని గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “నువ్వు కూడా కొత్తగా ఏమీ చేయకు నాయనా, మీ ఇంట్లో అన్నం ముందు ఎంతసేపు కన్నులు మూసేవాడివో అంతసేపే మూయి” అన్నాను.

నేను చెప్పింది పాత సంగతే. మన తెలుగునాట చదువుకునే పిల్లలకు ఈ పరీక్ష కొత్తది కాదు. బందరులో రాబర్ట్ నోబుల్ అనే ఆంగ్ల మిషనరీ 1843లో ఒక పాఠశాల స్థాపించాడు. అగ్రవర్ణాల పిల్లలకు ఆంగ్లవిద్యతో పాటు బైబిలు కూడా బోధించేవాడు. పిల్లలు చదువు కోసం బైబిలు విన్నారు. పెద్దలు భవిష్యత్తు కోసం దానిని సహించారు. అంతా సవ్యంగా నడుస్తున్నంతలో, 1852లో అయినాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందారు. బందరు అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించగా బడి దాదాపు ఖాళీ అయింది. ఆ తరువాత ఆ ఇద్దరూ గురువులుగా అభిషిక్తులై తెలుగు సంఘాలలోనే సేవ చేశారు. చరిత్ర పుస్తకాలు దీనిని మతమార్పిడి ఘట్టంగా చెప్పి ముందుకు సాగిపోతాయి. బడిపంతులుగా నా కన్ను మాత్రం ఆ ఖాళీ బల్లల మీదనే ఆగుతుంది. నిన్నటి దాకా పక్కన కూర్చుని పలక పంచుకున్న స్నేహితుడు తమ కారణంగానే ఈనాడు బడికి రాలేదని తెలిసి కూడా వెనుకకు మరలకపోవడం ఎంత బరువో, పిల్లల మధ్య జీవితం గడిపినవారికి తెలుస్తుంది.

ఆ బడి గుమ్మం ఆనాడు మా పూర్వులకు తెరవబడలేదు. అంటరానివారిని చేర్చుకుంటే మిగిలినవారు రారని నోబుల్ వారిని చేర్చుకోలేదు. దొరగారు కూడా నలుగురి మాటకు లోబడక తప్పలేదన్నమాట. మా కథ మరొకచోట, గుండ్లకమ్మ పారే ఒంగోలు సీమలో మొదలైంది. నేను పుట్టింది ఆ సీమలోనే.

ఎర్రగుంట్ల పేరయ్య అనే ఆయన తాళ్లకొండపాడు గ్రామానికి చెందిన మాదిగ. తోళ్ళ వ్యాపారి. చదువు లేకపోయినా దైవజిజ్ఞాస మెండు. రాజయోగ మార్గాన్ని బోధించే గురువులను ఆశ్రయించి కొంతకాలం సాధన కూడా చేశాడు. వ్యాపారం మీద ఉత్తరపు జిల్లాలకు వెళ్ళినప్పుడు క్రీస్తును గురించి విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మం పొందాడు. ఆ ఏడే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు చేరేసరికి, పేరయ్య ఊరూరా తిరిగి చెప్పిన మాట విని చుట్టుపక్కల పల్లెల వారు వచ్చి ఉన్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు.

ఆ తొలి విశ్వాసులు తమకు తాము పెట్టుకున్న నియమాలు మూడే. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మ్రొక్కరాదు. చదువురానివారు కూడా ఒక్కసారి విని గుర్తుంచుకోగల నియమాలివి. కాని ఒక్కొక్క నియమం ఊరి వ్యవస్థలోని ఒక్కొక్క మేకును కదిలించింది. ఆదివారం పని మానితే కోతల కాలంలో ఆసామికి కోపం. చచ్చిన గొడ్డును తినమంటే, ఊరు తమకు కట్టబెట్టిన హీనత్వాన్ని తాము అంగీకరించబోమన్నట్లే. ఇక మూడవది అన్నిటికంటె కష్టమైనది. గ్రామదేవత కొలువులో డప్పు కొట్టడం మాదిగవారి విధి. డప్పు లేనిదే జాతర లేదు. “మేము కొట్టము” అన్నారు.

ఏమి జరిగిందో క్లౌ దొర తన అనుభవాల గ్రంథంలో వ్రాసి ఉంచాడు. వీరి బట్టలు ఉతకవద్దని చాకలికి ఆజ్ఞ అయింది. వీరికి కుండలు అమ్మవద్దని కుమ్మరికి చెప్పారు. వీరి పశువులను మేతబీడు నుంచి తోలివేశారు. చెప్పులు, తోలుపని వీరికి ఇవ్వడం మానుకున్నారు. కోతలకు పిలవలేదు, పంటలో వీరికి రావలసిన గింజలు ఇవ్వలేదు. ఊరంతా ఒక్కమాట మీద నిలిచింది. ఈనాడు మనం ‘తోటివారి ఒత్తిడి’ అని మెత్తగా అంటున్నామే, దాని నిండు స్వరూపం అది. గదిలో నలుగురు మాట్లాడకపోతేనే రెండు రోజులు అన్నం సహించదు. కుండ అమ్మేవాడు లేక, కూలికి పిలిచేవాడు లేక ఒక పల్లె ఎన్నాళ్ళు నిలుస్తుంది? నిలిచింది. కొందరు వెనక్కు తగ్గి ఉండవచ్చు, మానవమాత్రులు. నిలిచినవారు మాత్రం తిరగబడి కర్ర ఎత్తలేదు. ఊరి దేవతను తిట్టలేదు. మీరు జాతర చేసుకోవద్దని అనలేదు. ఈ పని మాది కాదు అన్నారు. అంతే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. గంజి కోసం మతం మారినవాళ్ళే కదా అన్న మాట మా చిన్నతనం నుంచి వింటూనే ఉన్నాము. 1876–78 నాటి ధాత కరువు ఒంగోలు సీమను కూడా పీల్చి పిప్పి చేసింది. అప్పుడు క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూలి డబ్బుకూ విశ్వాసానికీ లంకె పడరాదన్నది ఆయన పట్టుదల. సహాయపు డబ్బు చెల్లిపోయిన తరువాతనే, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడు 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు తాకిడి వారి మనసుల మీద లేనేలేదని నేననను. కాని గంజి ఉన్నప్పుడు తలుపు మూసి, గంజి అయిపోయాక తెరచిన మనిషిని ఆ నింద అంటదు. తలలు లెక్కపెట్టి స్వదేశానికి వ్రాస్తే మెప్పు పొందగలిగిన రోజుల్లో ఆయన పలికిన ‘కాదు’ కూడా తక్కువది కాదు.

డప్పు విషయం ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. మా పూర్వులు డప్పు మానినందుకు ఒక కళ పోయిందని బాధపడేవారున్నారు. ఆ బాధ నాకూ కొంత ఉన్నది. అయితే దోషం తోలులో లేదు, నిర్బంధంలో ఉన్నది. అదే ప్రకాశం జిల్లాలో, ఈదుమూడి గ్రామంలో, 1994 జూలై 7న మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టి ‘దండోరా’ అన్న పేరుతోనే ఊరూరా మారుమోగింది. ఊరు ఆజ్ఞాపిస్తే కొట్టబోమన్న డప్పు, తమ హక్కు కోసం తామే కొట్టిన డప్పు అయింది. ముందు కాదనగలిగిన చేతికే తరువాత ఔనని కొట్టే స్వేచ్ఛ దొరికింది.

పైన చెప్పినవన్నీ బయటి నలుగురి ఒత్తిడులు. లోపలి నలుగురి ఒత్తిడి ఇంకా కఠినం. తెలుగు పండితుణ్ణి గనుక ఈ విషయంలో నాకు గుర్తుకు వచ్చేది గుర్రం జాషువా. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టి, గుంటూరులో లూథరన్ మిషను వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలోనూ, తరువాత ఉభయభాషా ప్రవీణుడుగానూ పాఠాలు చెప్పిన మహాకవి. పండిత సభలలో కులం అడిగి ఆయనను అవమానించారు. అది లోకమెరిగిన కథ. అంతగా చెప్పుకోని కథ మరొకటున్నది. పురాణ కథలు చదివి కావ్యాలు వ్రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలే ఆయనను వెలివేశారు. అటు వారికి క్రైస్తవుడు, ఇటు వారికి కానివాడు. ఆయన ఎవరి కోసమూ కలం మార్చలేదు. 1941 నాటి ‘గబ్బిలం’లో అంటరాని నిరుపేద గోడును శివునికి నివేదించినవాడే, ‘క్రీస్తు చరిత్ర’ కావ్యాన్నీ రచించాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1970లో పద్మభూషణుడై, 1971 జూలై 24న కన్నుమూశాడు. ఆయన విశ్వాసం ఎంతటిదో తూచడానికి మనమెవరము? కాని రెండు గుంపుల మధ్య నిలబడి రెండింటికీ తలవంచక బ్రతకడం సాధ్యమేనని తెలుగు క్రైస్తవునికి చూపినవాడు ఆయన.

ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివే రోజుల్లో నన్ను సహాధ్యాయులు అడిగేవారు, “నీకు పోతన ఎందుకయ్యా?” అని. సెలవులకు ఇంటికి వెళితే మా సంఘంలో పెద్దలు అడిగేవారు, “నీకు పోతన ఎందుకురా?” అని. రెండు చోట్లా అదే ప్రశ్న కావడం చూసి నాకు నవ్వు వచ్చేది. జాషువా ఉండబట్టి ఆ నవ్వు ఏడుపు కాలేదు. పోతనను చదివినందువల్ల నా ప్రార్థన పలుచన కాలేదు సరికదా, భగవంతుని ముందు మనిషి ఎంత చనువుగా మాట్లాడవచ్చునో నాకు తెలిసింది.

ఇక అన్నిటికంటె సున్నితమైన విషయం. చాలామంది మాట్లాడరు గాని నేను మాట్లాడక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, 1956, 1990 సవరణలతో కలిపి, షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే పరిమితం చేసింది. క్రైస్తవులకు అది లేదు. దళితులలో క్రైస్తవులైనవారిని మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో ఉంచారు. వారి వాటా ఒక్క శాతం. అందుచేత ఎన్నో కుటుంబాలు ఆదివారం గుడిలో ఒకరుగా, ధ్రువపత్రంలో మరొకరుగా బ్రతుకుతున్నాయి.

నన్ను బడిలో చేర్చినప్పుడు ప్రధానోపాధ్యాయులు దయగలవారు. “హిందూ అని వ్రాయిస్తే బిడ్డకు మేలు కదా, ఆలోచించుకో” అని మా నాయనకు నచ్చజెప్పారు. పక్కనున్న మా బంధువులూ అదే చెప్పారు. మా నాయన నిశాని మనిషి. “దేవుడి ముందు ఒకమాట, కాగితం ముందు ఒకమాట నావల్ల కాదయ్యా” అన్నాడట. ఆ ఒక్క మాటతో నా ధ్రువపత్రం నిర్ణయమైపోయింది. నాతో పాటు శిక్షణ పొందిన మిత్రునికి ఉద్యోగం వచ్చిన మూడేళ్ళకు గాని నాకు రాలేదు. ఆ మూడేళ్ళూ ట్యూషన్లు చెప్పి, ముద్రణాలయాలలో అచ్చుతప్పులు దిద్ది గడిపాను. మా అమ్మ ఒకటి రెండుసార్లు నిట్టూర్చింది. మా నాయన ఏమీ అనలేదు. ఆ కాగితాన్ని ఈనాటికీ ఒక బిరుదుపత్రం కంటె ఎక్కువగా భద్రపరచుకున్నాను.

అయితే అలా వ్రాయించనివారిది పిరికితనమని నా నోటితో ఎన్నడూ అనను. కడుపునకు లేని చోట, పిల్లవాని చదువుకూ తన దేవుని పేరుకూ మధ్య ఎంచుకొమ్మని మనిషిని నిలబెట్టడమే అన్యాయం. మతం మారినంత మాత్రాన ఊరి చివరి ఇల్లు ఊరి నడుమకు రాదు. బావి దగ్గర చూపు మారదు. ఆ చట్టం మారాలని కోరుకునేవారిలో నేనూ ఒకణ్ణి. మారే దాకా, మా నాయన వంటివారి ‘కాదు’ను గౌరవిస్తాను, ఆ మాట అనలేకపోయినవారి ఇంట అన్నం తింటాను.

ధైర్యం ధైర్యం అని ప్రసంగ వేదికల మీద వింటుంటాము. ఆ ధైర్యం సంఘం లోపల చూపవలసిన సందర్భం కట్నం. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా వివాహపు ఆరాధనకు ముందు రోజు రాత్రి డబ్బు లెక్కబెట్టుకుని, తెల్లవారి బలిపీఠం ముందు ప్రమాణాలు చేయించుకునే పెండ్లిళ్ళను నేను కన్నులారా చూశాను. మా ప్రాంతంలోనే ఒక యువకుడు కట్నం పుచ్చుకోనన్నందుకు, అతనిలో ఏదో లోపముండి ఉంటుందని సంఘస్థులే గుసగుసలాడారు. వెక్కిరించినవారు అన్యులు కారు. అతనితో కలిసి కీర్తనలు పాడేవారే. ఆ యువకుడు నాకు తెలిసిన గొప్ప సాక్షులలో ఒకడు. మాల సంఘమని, మాదిగ సంఘమని వేరుపడి కూర్చున్న చోట రెండవ గుమ్మం తొక్కి వెళ్ళగలిగినవాడు కూడా అటువంటివాడే. బయటివారి ఎదుట సిలువ మెడలో వేసుకోవడం సులభం. లోపలివారి ఎదుట దానిని మోయడం కష్టం.

చివరగా మా అపార్టుమెంటు సంగతి. భాద్రపదం వచ్చిందంటే ఈ ప్రాంతమంతా వినాయక మండపాలే. సరూర్‌నగర్ చెరువుకు నిమజ్జనపు ఊరేగింపులు మా కిటికీ కిందనుంచే సాగుతాయి. మా సంఘ కార్యదర్శి నిష్ఠాపరుడు, సజ్జనుడు. మొదటి ఏడాది చందా పుస్తకం పట్టుకుని వచ్చినప్పుడు నేను చేతులు జోడించి, “పూజ నాది కాదండీ, ఆకలి మాత్రం అందరిదీ. అన్నదానానికి నా పేర వ్రాయండి” అన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, “అలాగే మాస్టారూ” అని వ్రాసుకున్నారు. నాటి నుంచి ఏటా ఆ పద్దు అలాగే పడుతున్నది. వడ్డనకు గరిటె పట్టుకుని నేనూ నిలబడతాను. డిసెంబరులో ఆయన సకుటుంబంగా మా ఇంటికి వస్తారు.

ప్రసాదం విషయంలో పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రిక, ఎనిమిదవ, పదవ అధ్యాయాలు చదవదగినవి. అంగడిలో అమ్మేది ఏ విచారణా లేకుండా తినవచ్చునన్నాడు. ఇది అర్పితమని ఎవరైనా చెప్పితే, చెప్పినవాని మనస్సాక్షి కోసం తినవద్దన్నాడు. గమనించండి: తన పవిత్రత కోసం అనలేదు, ఎదుటివాని మనస్సు కోసం అన్నాడు. తిరుపతి నుంచి వచ్చిన సహోద్యోగి ప్రేమతో లడ్డు తెచ్చి ఇస్తే, ముఖం చిట్లించి తోసివేసినవారినీ చూశాను. తీసుకుని చాటుగా పారవేసినవారినీ చూశాను. మొదటిది ఎదుటివానికి అవమానం, రెండవది తనకే అవమానం. “మీ ప్రేమ నాకు అందింది, ఇది మాత్రం మా నియమం కాదు” అని నవ్వుతూ చెప్పడానికి ఎంత సమయం పడుతుంది? నా ఉద్యోగకాలమంతటిలో ఆ మాటకు నొచ్చుకున్నవారు నాకు కనబడలేదు. మనలను ద్వేషిస్తారేమోనని మనం ఊహించుకునే నలుగురిలో ముగ్గురు, మనమెవరో తిన్నగా చెప్పనందువల్లనే మనలను అనుమానిస్తుంటారు.

విశ్వాసాన్ని ధైర్యంగా జీవించడమంటే గొంతు పెంచడం అని చాలామంది అనుకుంటున్నారు. కూడలిలో మైకు పెట్టి పరుల దేవతలను దూషించడం ధైర్యమని అనుకునేవారు మాలోనూ ఉన్నారు. పక్కన వెయ్యిమంది ఉండగా అరవడానికి ధైర్యమెందుకు? అది కూడా నలుగురితో నారాయణే. నామం ఒక్కటే మారింది. ఒక ‘కాదు’ నిజమైనదో కాదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. దాని వెల ఎవరు చెల్లించారు? ఒంగోలు సీమలో డప్పు దించినవారు తమ కూలితో, తమ కుండతో, తమ గొడ్ల మేతతో చెల్లించారు. బందరు విద్యార్థులు తమ ఇంటి గడపతో చెల్లించారు. మా నాయన తన బిడ్డ భవిష్యత్తులో కొంత భాగంతో చెల్లించాడు. నేను దానికి మూడేళ్ళు జోడించాను. మన ‘కాదు’కు వెల ఎదుటివాని చేత కట్టిస్తే, అతని గౌరవంతోనో, అతని అన్నంతోనో కట్టిస్తే, అది విశ్వాసం కాదు, పెంకితనం.

చదువుకుంటున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక్క మాట. గదిలోని నలుగురూ మీ శత్రువులు కారు. వారికి కూడా ఇంకో నలుగురి భయమున్నది. ఒక్కడు నెమ్మదిగా, నవ్వు చెరగకుండా కాదన్ననాడు, కాదనాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్న మరొకడు ఆ మూల మంచం మీద నుంచి తలెత్తి చూస్తాడు. అతని కోసమైనా ఆ రెండక్షరాలూ స్పష్టంగా పలకండి.